అతిమధురం బంద్

దబీర్‌పురా, హైదరాబాదు
9 జూన్ 1977

సక్కూ,

ఈ ఉత్తరం చివరిదాకా చదివిన తర్వాతే ఏడుపు మొదలుపెట్టు. మీ అన్న బాగానే ఉన్నాడు. బాగా ఉండి నా ప్రాణం తీస్తున్నాడు.

జరిగింది ఇది. రైల్వే ఆస్పత్రిలో డ్రైవర్లకు చేసే మామూలు పరీక్షకు పోతే మీ అన్నకు బీపీ బాగా ఎక్కువగా ఉందని తేలింది. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ పేరు విమలాదేవి, గుంటూరు మనిషి. చేతికి పట్టీ కట్టి కూర్చోబెట్టి చూసింది, పడుకోబెట్టి చూసింది, కాసేపు బయట తిరిగి రమ్మని మళ్లీ చూసింది. ఇక ఇంజన్ ఎక్కొద్దంది. జులై ఆఖరులో ఇంకోసారి చూస్తుందట. అప్పటికీ దిగకపోతే జన్మలో ఇంజన్ లేదు, షెడ్డు ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెడతారట. కుర్చీ అన్న మాట వినగానే మీ అన్న ముఖం నువ్వు చూడాల్సింది. కుర్చీలో పాము ఉందన్నా అంత భయపడడు.

ఇక పథ్యం. ఉప్పు తగ్గించాలి. జర్దా పాన్ ముట్టుకోవద్దు. రోజూ గోలి మింగాలి. చాయ్ రెండు కప్పులు దాటొద్దు. మీ అన్న సంగతి నీకు తెలుసు కదా. కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ దాకా ఇంజన్ పొయ్యి పక్కన కెటిల్ పెట్టుకుని, స్టేషన్‌కో చాయ్ తాగే మనిషికి రెండు కప్పుల లెక్క ఎక్కడ గుర్తుంటుంది? అందుకని నేనే మొత్తం బంద్ పెట్టాను.

నిన్న పొద్దున వంటింటి గడప మీద కూర్చుని నన్ను అడిగాడు: "రాజమణీ, నీళ్లు లేకుంట ఇంజన్ నడుస్తదా?"

"నువ్వు ఇప్పుడు ఇంజన్ మీద లేవు గదా" అన్నాను. ఊరికే నోటికి వచ్చి అన్నానే తల్లీ. లేచి వెళ్లిపోయి పెరట్లో చాలాసేపు నిలబడ్డాడు. నాకు అన్నం సహించలేదు.

బొగ్గు పొడి దగ్గు అలాగే ఉంది. నోట్లో పాన్ లేకపోయేసరికి అది ఇంకా ఎక్కువగా వినిపిస్తోంది. నీకేమైనా తోస్తే రాయి. మీ ఆయనకూ మీ అత్తకూ నా దండాలు చెప్పు.

నీ వదిన
రాజమణి


సోలాపూర్
16 జూన్ 1977

వదినకు నీ ఆడబిడ్డ దండాలు, దండాలతో పాటు నాలుగు చీవాట్లు.

ఏడవొద్దని మొదటే రాస్తే ఎవరైనా ఏడవకుండా ఉంటారా? మా ఆయన మగ్గం దిగి పరుగెత్తుకొచ్చాడు. మా అత్తయితే ఎవరు పోయారని అడిగింది. ఆమెకు చూపు ఆనదు కానీ చెడ్డ వార్త మాత్రం ముందే ఆనుతుంది.

వదినా, నిజం చెప్పు. మా అన్నకు బీపీ ఎక్కించింది నీ మామిడికాయ తొక్కు కాదూ? పెళ్లయి వచ్చిన కొత్తలోనే అనుకున్నాను, ఈమె ఉప్పు జాడీని బోర్లించి వండుతుందని. అమ్మ ఉన్నన్నాళ్లు మా అన్నకు తుమ్ము కూడా రాలేదు.

సరే, తోచింది రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. ఒకటి, చాయ్ ఒక్కసారిగా మానిపిస్తే తల పగిలిపోతుంది. దాని బదులు కాఫీ ఇవ్వు. కాఫీ చదువుకున్నవాళ్లు తాగేది, దానితో ఏమీ కాదు. రెండు, ఆ దగ్గు పోవాలంటే నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి చప్పరిస్తూ ఉండాలి. ఇక్కడ జ్యేష్ఠమధ్ అని దొరుకుతుంది. మన దగ్గర ములేఠీ అంటాం చూడు, తీపిగా ఉండే కర్ర, అదే. ఇక్కడి సరుకు చాలా మంచిది. మా ఆయన నూలు దుమ్ముకు అదే వాడతాడు. పార్సెల్ పంపుతున్నాను. నోట్లో పెట్టుకుంటే పాన్ మాట మర్చిపోతాడు. కాచి కషాయం కూడా ఇవ్వొచ్చు.

అన్నను ఇంజన్ దింపడానికి ఆ గుంటూరు ఆమె ఎవరు? నేను వచ్చి నాలుగు మాటలు మాట్లాడనా?

అన్న ముద్దుల చెల్లెలు, నీకు ముద్దు కాని ఆడబిడ్డ
సక్కుబాయి


దబీర్‌పురా
27 జూన్ 1977

ముద్దుల ఆడబిడ్డా,

నీ పార్సెల్ అందింది. ఇంటిల్లిపాదికీ పండుగ. జ్యేష్ఠమధ్ అన్న మాట నోరు తిరగక మీ అన్న దానికి 'సక్కు కర్ర' అని పేరు పెట్టాడు. పొద్దున లేస్తే సక్కు కర్ర, అన్నం తిని సక్కు కర్ర, షెడ్డుకు పోతే జేబులో సక్కు కర్ర. నేను కాచి చాయ్ గ్లాసులోనే పోసి ఇస్తున్నాను, గ్లాసు చేతిలో ఉంటే సగం తృప్తి కదా. దగ్గు మాయమైంది. ఆ సంతోషంతోనే నీకు ఈ ఉత్తరం మర్యాదగా రాస్తున్నాను, లేకపోతే నా తొక్కును అన్నందుకు వేరుగా ఉండేది.

నీ కాఫీ సంగతి మాత్రం అడగకు. రాత్రి పడుకోలేదు, నన్ను పడుకోనివ్వలేదు. మిద్దె మీద తిరుగుతూ వచ్చే పోయే బండ్లకు పేర్లు చెబుతూనే ఉన్నాడు. ఏ బండి లేటో, ఏ డ్రైవరు కూత ఎక్కువసేపు వేస్తాడో నాకు ఇప్పుడు కంఠస్థం.

ఒకరోజు సాయంత్రం ఇల్లు చేరలేదు. నాకు అనుమానం వచ్చి కొంగు బిగించి మూల మీది ఇరానీ హోటల్‌కు నేనే పోయాను. అక్కడే ఉన్నాడు. ముందర కప్పు లేదు, సాసర్ లేదు. ఒక్కడే కూర్చుని కళ్లు మూసుకుని ఉన్నాడు. ఏం చేస్తున్నావని అడిగితే "వాసన సూస్తున్న. వాసనకు గూడ డాక్టరమ్మ చీటీ కావాల్నా?" అన్నాడు. హోటల్ అంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఇంటికి తీసుకొచ్చి కోప్పడ్డాను.

ఇంకో లొల్లి విను. ఆ బీపీ గోలికి ముక్కు దిబ్బడ పడుతుందట. అది మాకు తెలియదు. జలుబు చేసిందనుకుని, ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్ సాయిలు దుకాణం నుంచి జలుబు గోలీలు తెచ్చిచ్చాడు. మీ అన్న పొద్దునొకటి మాపొకటి వేసుకున్నాడు. ముక్కు తెరుచుకుంది, బీపీ పైకి పోయింది. డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఒక గోలి దించుతుంటే ఇంకోటి ఎక్కిస్తోందమ్మా. నాకు చెప్పకుండా తలనొప్పి మాత్ర కూడా వేయకండి" అంది. కాఫీ కూడా చాయ్‌కి అక్క లాంటిదేనట, బీపీని తోస్తుందట. గోలీలు మార్చి, ఒంట్లో నీళ్లు తీసేసే గోలి ఒకటి కొత్తగా ఇచ్చింది.

అందుకని కాఫీ బంద్, జలుబు గోలి బంద్. నీ కర్ర ఒక్కటే మిగిలింది.

ఇట్లు
తొక్కుల రాజమణి


సోలాపూర్
4 జులై 1977

వదినా,

కాఫీ నేను చెప్పాను కాబట్టి తప్పు నాదే, ఒప్పుకున్నాను. కానీ జలుబు గోలి ఎవరి ఇంట్లో వేసుకున్నాడు? కళ్ల ముందు మింగుతుంటే నువ్వేం చేస్తున్నావు? వదినవి కదా అని ఇన్నాళ్లు అనలేదు, ఇప్పుడంటాను. అన్నకు బీపీ తొక్కుతోనూ రాలేదు, చాయ్‌తోనూ రాలేదు. నీ నోటితో వచ్చింది. పొద్దున లేచింది మొదలు అది బంద్, ఇది బంద్ అంటుంటే ఎవరికి రాదు? నా మాట విని ఒక్కరోజు మాట్లాడకుండా ఉండి చూడు.

కాఫీ తప్పయినా నా కర్ర ఒప్పయింది కదా. అది చదివి మా అత్తకు మూడుసార్లు వినిపించాను. ఇంకో పార్సెల్ పంపుతున్నాను, ఈసారి లావు కర్రలు చూసి ఏరాను. మొహమాటపడకుండా వాడండి. అన్న పరీక్ష దాకా తక్కువ పడకూడదు.

వదినా, ఒక్క మాట. అన్న నిజంగా ఇంజన్ ఎక్కుతాడు కదా? చిన్నప్పుడు నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని దబీర్‌పురా స్టేషన్ దగ్గర బండ్లు చూపించేవాడు. అప్పటినుంచి వాడికి వేరే ఆలోచనే లేదు. కుర్చీలో కూర్చున్న అన్నను నేను ఊహించలేకపోతున్నాను.

సక్కు


దబీర్‌పురా
15 జులై 1977

సక్కూ,

నీ సలహా పాటించాను. ఒక రోజంతా నోరు తెరవలేదు. మీ అన్న ముందు సంతోషించాడు. అన్నం పెడుతుంటే అనుమానంగా చూశాడు. మధ్యాహ్నానికి వచ్చి జ్వరమా అని అడిగాడు. సాయంత్రానికి ఏం తప్పు చేశానో చెప్పమని బతిమాలాడు. మరుసటి రోజు బీపీ చూపిస్తే ఏం తగ్గలేదు. నా నోరు నిర్దోషి అని తేలిపోయింది కాబట్టి ఇక ఆ కేసు మూసెయ్యి.

నవ్వులాట ఇక్కడిదాకే. ఇప్పుడు నాకు నిజంగా ఫికర్ పట్టుకుంది. వారం నుంచి కాళ్లలో బలం లేదంటున్నాడు. పిక్కలు పట్టేస్తున్నాయి. మిద్దె మెట్లు గోడ పట్టుకుని ఎక్కుతున్నాడు. నిన్న షెడ్డులో ఎవరూ చూడకుండా ఒక ఇంజన్ ఎక్కబోయాడట, రెండో మెట్టు దగ్గర కాలు వణికి దిగిపోయాడట. ఇంటికొచ్చి నాకు చెప్పాడు. "బీపీ దిగినా గూడ ఇంజన్ ఎక్కుడు నాతోని కాదేమో రాజమణీ" అన్నాడు. అంత మెల్లగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

డాక్టరమ్మ రక్తం తీసి చూసింది. ఒంట్లో ఏదో ఒక రకం ఉప్పు తక్కువైందట. ఉప్పు మానమన్నదీ ఆవిడే, ఉప్పు తగ్గిందన్నదీ ఆవిడే. నీళ్ల గోలి ఆపేసింది, ఒక చేదు మందు తాగమంది. తర్వాత చాలాసేపు ఆలోచించి నన్ను అడిగింది: "అమ్మా, ఈయన అతిమధురం ఏమైనా వాడుతున్నారా?"

"ఏం లేదమ్మా, చాయ్ బందయినంక చక్కెర గూడ అంతంతే" అన్నాను. కానీ నాకు నిజం తెలుసు కదా. పోయిన వారం జిలేబీ తెచ్చుకుని తిన్నాడు, సాయిలు కొడుకు పుట్టిన పేరు మీద బాదుషాలు తిన్నాడు. ఆంధ్రా వాళ్ల తెలుగు ఎంత సొగసో చూడు, స్వీట్లు ఎక్కువ తింటున్నాడా అని అడగడానికి అతిమధురం అంటుంది. ఇంటికి రాగానే మిఠాయి బంద్, బెల్లం బంద్, సీతాఫలం కాలం రాకముందే సీతాఫలం కూడా బంద్ అని చెప్పేశాను. మీ అన్న రెండో పార్సెల్ విప్పి ఒక లావు కర్ర నోట్లో పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పాపం, తీపి అంటూ ఇక ఆ కర్రే ఉంది.

పరీక్ష 26న. దేవుడికి మొక్కుకో.

వదిన


సోలాపూర్
19 జులై 1977

వదినా, వదినా, వదినా,

నా తార్, అదే టెలిగ్రాం, ఈపాటికి అందే ఉంటుంది. అందగానే ఆ కర్రలన్నీ పారేసి ఉంటావు. పారేశావు కదా? ఎందుకో ఇప్పుడు చెబుతాను.

నీ ఉత్తరం మా అత్తకు చదివి వినిపిస్తున్నాను. డాక్టరమ్మ అతిమధురం అని అడిగిందన్న చోట నేను కూడా నవ్వాను, గుంటూరు తెలుగు అని. మా అత్త నవ్వలేదు. ఆమె కరీంనగర్ పల్లె నుంచి ఇక్కడికి వచ్చి నలభై ఏళ్లయినా ఊరి మాటలు మర్చిపోలేదు. "అతిమధురమంటె మిఠాయి కాదే పిచ్చిదానా. నువ్వు మీ అన్నకు పంపిన కర్రనే అతిమధురం" అంది.

ఆమె ఎప్పుడు ఏం చెప్పినా కాదనడం నాకు అలవాటు. ఈసారి కూడా కాదన్నాను. మా ఆయన వైద్యుడి దగ్గరికి పరుగెత్తి అడిగి వచ్చాడు. జ్యేష్ఠమధ్, ములేఠీ, అతిమధురం, మూడూ ఒకటే కర్రట. ఎప్పుడో ఒకసారి చప్పరిస్తే మంచిదే కానీ, రోజంతా నమిలితే ఒంట్లో నీరు నిలబెడుతుందట, బీపీ ఎక్కిస్తుందట, కాళ్లలో బలం తీసేస్తుందట.

అన్నను ఇంజన్ దింపింది డాక్టరమ్మ అని తిట్టాను. మళ్లీ ఎక్కకుండా చేసింది నేను. లావు కర్రలు ఏరి మరీ పంపాను వదినా. అన్నకు నా ముఖం ఎలా చూపించను?

తార్ మా ఆయనే రాశాడు. ఇంగ్లీషు నాకు వచ్చు, నువ్వు ఊరుకో అన్నాడు.

సక్కు


దబీర్‌పురా
25 జులై 1977

సక్కూ, ముందు కళ్లు తుడుచుకో. నీ ఉత్తరంలో సగం అక్షరాలు తడిసి చెదిరిపోయాయి, చదవడానికి నేను దీపానికి అడ్డం పెట్టాల్సి వచ్చింది.

మీ ఆయన ఇంగ్లీషు కథ విను. తార్ వచ్చిందనగానే నేను విప్పకుండానే శోకాలు మొదలుపెట్టాను. గల్లీ అంతా వచ్చి కూర్చుంది. మీ అత్త పోయిందని తీర్మానించి మైల స్నానానికి నీళ్లు కూడా కాచాం. అప్పుడు పక్కింటి బాబురావు, తపాలా ఆఫీసులో పనిచేస్తాడు చూడు, ఆయన వచ్చి విప్పి చదివాడు. "ములేఠీ స్టాప్. లెటర్ ఫాలోస్." అంతే ఉంది.

దాని అర్థం ఏమిటని అడిగాం. బాబురావు కళ్లజోడు సర్దుకున్నాడు. "తార్‌ల స్టాప్ అంటె ఆపుమని కాదు వదినా, చుక్క. ములేఠీ, చుక్క. ఎనుక ఉత్తరం వస్తున్నది, చుక్క" అన్నాడు. తపాలా మనిషి చెప్పాక ఎవరు కాదంటారు? ములేఠీ మర్చిపోకుండా వాడమని నా చెల్లెలు తార్ కొట్టింది, ఎంత ప్రేమ అని మీ అన్న కళ్లు తుడుచుకున్నాడు. ఆ రోజు నుంచి మూడు పూటలా కషాయం తాగాడు.

నీ ఉత్తరం శనివారం వచ్చింది. చదవగానే మీ అన్న నోట్లోంచి కర్ర లాగేశాను. తర్వాత కర్రలన్నీ మూట కట్టి, మీ అన్నను రిక్షాలో కూర్చోబెట్టి ఈ రోజు పొద్దున్నే డాక్టరమ్మ ముందు ఆ మూట పెట్టాను. ఆమె ఒక కర్ర తీసి వాసన చూసింది. "నేను అడిగింది దీని గురించేనండీ" అంది. నేను మిఠాయి బంద్ చేసిన సంగతి చెబితే కుర్చీలో వెనక్కి వాలి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఇకమీదట ప్రతి రోగినీ మూడు పేర్లతోనూ అడుగుతానంది.

రేపటి పరీక్ష ఇప్పుడు చెయ్యనంది. ఆ కర్ర గుణం ఒంట్లోంచి పోవడానికి కొన్ని వారాలు పడుతుందట. ఆగస్టులో చూస్తుందట. దిగుతుందా అని అడిగితే దిగాలి అంది కానీ దిగుతుందని మాట ఇవ్వలేదు. బీపీ మొదట ఉన్నది ఉండనే ఉంది, దాని మీద ఈ కర్ర ఎక్కి కూర్చుందట.

మీ అన్నకు నీ మీద కోపం ఉందేమోనని నీకు భయం కదా. వస్తూ రిక్షాలో అన్న మాట రాస్తున్నాను: "సక్కుకు రాయి. దగ్గు మాత్రం సాఫ్ అయింది అని."

వదిన


సోలాపూర్
1 ఆగస్టు 1977

వదినా,

దగ్గు పోయిందన్న మాట చదివి ఏడ్చాను, నవ్వాను, మళ్లీ ఏడ్చాను. మా అత్త ఇప్పుడు ఇంట్లో రాణి. కూరలో కారం ఎక్కువైందన్నా ఎవరూ కాదనలేకపోతున్నాం. తాను బతికే ఉన్నానని మీ గల్లీ అంతటికీ చెప్పమంది. మా ఆయన ఇంగ్లీషు మాట ఎత్తడం లేదు.

ఇక నుంచి అన్నకు నేను ఏమీ పంపను. ప్రేమ కూడా డాక్టరమ్మను అడిగే పంపుతాను. నా బదులు నువ్వే అన్న కాళ్లు పట్టు, పిక్కల దగ్గర నెమ్మదిగా.

ఆగస్టు దాకా నాకు నిద్ర లేదు. ఏదైనా ఉత్తరమే రాయి, తార్ మాత్రం వద్దు.

సక్కు


దబీర్‌పురా
22 ఆగస్టు 1977

సక్కూ,

ఫిట్. ఆ ఒక్క మాట ముందు రాసేశాను, ఇక నిదానంగా చదువు.

డాక్టరమ్మ మూడుసార్లు చూసింది. మూడోసారి మీ అన్న కళ్లు మూసుకుని ఊపిరి బిగపట్టాడు. "ఊపిరి తీసుకోండి మొగులయ్యగారూ, తీసుకున్నా ఫిట్టే" అంది. గోలీ రోజూ వేసుకోవాలి, ఉప్పు తక్కువే, పాన్ లేదు, నెలనెలా చూపించుకోవాలి. చాయ్ రెండు కప్పులు. బయటికి వచ్చి ఆస్పత్రి గేటు ముందే ఒక కప్పు తాగాడు. నేను పక్కన నిలబడి "ఒకటి" అని లెక్కపెట్టాను. సాయంత్రం ఇంట్లో రెండోది తాగాడు. గ్లాసు కడిగి బోర్లించి నాకు చూపించాడు.

ఇంజన్ మెట్లు ఎక్కాడట. సాయిలు చెప్పాడు, ఎక్కి పైన నిలబడి పిడులన్నీ ఒక్కొక్కటిగా తాకి చూశాడట.

ఇప్పుడు అసలు సంగతి. ఇన్నేళ్ల కాపురంలో మీ అన్న నడిపే బండి నేను ఎప్పుడూ ఎక్కలేదు. ఎక్కనిచ్చేవాడు కాదు. నేను బండిలో ఉంటే చూపు ముందట నిలవదు అనేవాడు. నిన్న తెల్లారగానే స్నానం చేసి, సంచి సర్దుకుని, నా ముందు నిలబడ్డాడు.

"రెండు నెలలు నా ఎంట వడ్డవ్ గద. ఇయ్యాల నా ఎనుక కూసో" అన్నాడు.

మంచి చీర కట్టుకున్నాను. కాచిగూడలో ఆడవాళ్ల పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎవరూ అడగకుండానే ఈ బండి నడిపేది మా ఆయన అని చెప్పాను. ఫలక్‌నుమా వచ్చేసరికి పెట్టెలో ఉన్న ఆడవాళ్లందరికీ మీ అన్న బీపీ, కాఫీ, నీ కర్ర, మీ ఆయన తార్, అన్నీ తెలిసిపోయాయి. ఒకామె తన మామకు ఇప్పుడే ములేఠీ మానిపిస్తానంది.

అది తర్వాతి మాట. మొదట కాచిగూడలో బండి ఇంకా కదలలేదు. అందరూ ఎక్కారు, గార్డు పచ్చ జెండా ఊపాడు. నేను కిటికీలోంచి తల బయటపెట్టాను. అంత దూరాన ఇంజన్ పక్కన మీ అన్న తల కూడా బయటికి వచ్చింది. ఒక్క క్షణం వెనక్కి చూశాడు, నన్ను చూశాడో జెండాను చూశాడో తెలియదు, తల లోపలికి తీసుకున్నాడు. కూత వేశాడు. ఆ కూత నేను ఇంట్లో రోజూ వినేదే. ఈసారి నా కింద బండి కదిలింది. సక్కూ, నా గుండె ఎంత జోరుగా కొట్టుకుందంటే, ఆ నిమిషంలో డాక్టరమ్మ వచ్చి నా చేతికి పట్టీ కట్టి ఉంటే, డ్రైవరును వదిలేసి నన్ను దింపేసేది.

నీ వదిన
రాజమణి